సిస్టమ్ మాటిమాటికీ హ్యాంగ్ అవుతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

తెనాలిలో మా బాబాయి వాళ్ల డెస్క్‌టాప్‌కి ఏడాదిలో రెండుసార్లు ఫార్మాట్ కొట్టారు. హ్యాంగ్ అయిన ప్రతిసారీ ఆటోలో వేసుకుని షాపుకి మోసుకెళ్లడం, అక్కడి కుర్రాడు "విండోస్ పోయింది సార్" అని కొత్తగా ఓఎస్ వేసివ్వడం, ఓ పది రోజులు బుద్ధిగా నడవడం, మళ్లీ మామూలే. రెండోసారి కొట్టినప్పుడు చెల్లి పెళ్లి ఫొటోలు కూడా దాంతోపాటే పోయాయి. మూడోసారి షాపుదాకా వెళ్లనివ్వకుండా పిన్ని నాకు ఫోన్ చేసింది.

వెళ్లగానే నేనడిగింది ఒక్కటే. "ఎప్పుడెప్పుడు హ్యాంగవుతోంది బాబాయ్?"

"వేళాపాళా లేదురా. ఎప్పుడు పడితే అప్పుడే."

అందరూ ఇదే మాట అంటారు. రాసిపెట్టి చూస్తే మాత్రం దాదాపు ప్రతి సిస్టమ్‌కీ ఓ వేళా ఉంటుంది, ఓ పాళా ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో మొదటి పనిముట్టు స్క్రూడ్రైవర్ కాదు, పెన్ను. ఇక్కడ చెప్పేవన్నీ విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్లకి. లాప్‌టాప్‌కి వేరే పద్ధతి ఉన్నచోట విడిగా చెబుతాను.

ముందు రాయండి

మా పిన్ని పాల ప్యాకెట్ల లెక్క గోడ మీద క్యాలెండర్‌లో రాస్తుంది. హ్యాంగ్ లెక్క కూడా అక్కడే రాయమన్నాను. మీరూ ఏదో ఒక కాగితం సిస్టమ్ పక్కనే పెట్టుకోండి. హ్యాంగ్ అయిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయాలి: టైమెంత, ఆన్ చేసి ఎంతసేపైంది, అప్పుడు ఏం చేస్తున్నారు, తిరిగి ఎలా దారికొచ్చింది. దానంతట అదే కదిలిందా, బటన్ నొక్కిపట్టి ఆపాల్సి వచ్చిందా, అదే ఆగి మళ్లీ ఆన్ అయిందా అన్నది ముఖ్యం. వారం పది రోజులు చాలు.

బాబాయి వాళ్ల క్యాలెండర్‌లో పది రోజులకి ఏడు హ్యాంగులు తేలాయి. ఆరు మధ్యాహ్నం రెండింటికీ నాలుగింటికీ మధ్య. అన్నీ ఆన్ చేసిన గంట దాటాకే. నెల ఏప్రిల్. ఇంకేం కావాలి? "ఎప్పుడు పడితే అప్పుడు" కాదు, వేడెక్కినప్పుడు.

హ్యాంగ్ అయిన ఆ క్షణంలో

వెంటనే స్విచ్ కట్టేయకండి. ఆ రెండు నిమిషాల్లో దొరికే సమాచారం మళ్లీ దొరకదు.

కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే విండోస్ లోపల బతికే ఉంది, ఏదో ఒక ప్రోగ్రామో డిస్కో దాన్ని ఆపుతోంది. ఎన్నిసార్లు నొక్కినా లైటు కదలకపోతే పూర్తిగా బిగుసుకుపోయినట్టే. అప్పుడు అనుమానం ఎక్కువగా హార్డ్‌వేర్ మీదికీ, దాన్ని విండోస్‌తో మాట్లాడించే డ్రైవర్లనే సాఫ్ట్‌వేర్ మీదికీ వెళుతుంది. పాట నడుస్తూ ఉండగా హ్యాంగయి, ఒకే ముక్క "ట్ర్‌ర్‌ర్" అని తిరుగుతోందంటే అదీ ఈ రెండో రకమే.

క్యాప్స్ లాక్ లైటు పనిచేస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ప్రాసెసెస్ పేజీలో పైన సీపీయూ (ఇక్కడ దీనర్థం ప్రాసెసర్), మెమరీ, డిస్క్ అని మూడు శాతాలు కనిపిస్తాయి. ఏది నూటికి దగ్గరగా ఉందో చూసి కాగితం మీద రాసుకోండి. ఆ గడి తల మీద క్లిక్ చేస్తే దాన్ని ఎక్కువగా తింటున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది.

స్క్రీన్ మాత్రమే నల్లబడినా, బొమ్మ బిగుసుకుపోయినా ఇంకో చిట్కా ఉంది. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది. బీప్ మని శబ్దం వచ్చి స్క్రీన్ ఓసారి మెరుస్తుంది. అంతటితో సిస్టమ్ దారికొస్తే దొంగ గ్రాఫిక్స్ వైపే ఉన్నాడు.

ఏదీ పనిచేయకపోతే డిస్క్ లైటు వంక చూస్తూ రెండు నిమిషాలు ఆగండి. డెస్క్‌టాప్‌లకి పవర్ బటన్ పక్కనే ఉంటుంది, చాలా కొత్త లాప్‌టాప్‌లకి ఉండదు. ఆ తర్వాత పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కిపట్టి ఆపండి. ప్లగ్గు మాత్రం లాగకండి.

ఏ రిపేరుకైనా ముందు ఫొటోలు

పెన్‌డ్రైవో, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కో, గూగుల్ డ్రైవో, ఏదైనా సరే. ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి కాగితాల స్కాన్లు, అకౌంట్ల ఎక్సెల్ ఫైళ్లు కాపీ అయ్యేదాకా మిగతా ఏ ప్రయోగమూ వద్దు. అసలు హార్డ్ డిస్కే చావుకి దగ్గరగా ఉంటే, మీరు చేసే ప్రతి స్కానూ దాని మిగిలిన ఊపిరిని తినేస్తుంది. లోపలి నుంచి టిక్ టిక్ మని లయగా చప్పుడు వస్తోంటే మాత్రం కాపీ కూడా వద్దు. ఆపేసి, డేటా రికవరీ తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

మరో జాగ్రత్త. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్‌కి తాళం ముందే వేసి ఉంటుంది, దాన్ని బిట్‌లాకర్ అంటారు. బయోస్ (విండోస్ కన్నా ముందే మొదలయ్యే సాఫ్ట్‌వేర్) సెట్టింగులు కదిపినా, రికవరీ మెనూలోకి వెళ్లినా అది 48 అంకెల కీ అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వేరే ఫోన్ నుంచి లాగిన్ అయి, డివైసెస్ విభాగంలో ఆ కీ ఉందో లేదో ఇప్పుడే చూసి రాసుకోండి. హ్యాంగయిన సిస్టమ్ ముందు కూర్చుని పాత పాస్‌వర్డ్ గుర్తుతెచ్చుకోవడం కన్నా నయం.

షట్‌డౌన్ వేరు, రీస్టార్ట్ వేరు

ఇది చెబితే చాలామంది నమ్మరు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని పూర్తిగా వదలకుండా డిస్క్ మీద మూటగట్టి పెట్టి, మర్నాడు అదే మూట విప్పుతుంది. అందుకే త్వరగా ఆన్ అవుతుంది. ఆ మూటలో ముడిపడిన డ్రైవర్ ఉంటే మర్నాడు కూడా అదే ముడి. రోజూ షట్‌డౌన్ చేసే సిస్టమ్ నెలల తరబడి నిజంగా ఒక్కసారీ కొత్తగా మొదలై ఉండకపోవచ్చు. కాబట్టి రీస్టార్ట్ నొక్కండి. అది ఫాస్ట్ స్టార్టప్‌ని పట్టించుకోదు, అన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. చిన్నాచితకా తిక్కలు సగం ఇక్కడే పోతాయి.

విండోస్ రాసుకున్న డైరీ

మీరు కాగితం మీద రాస్తున్నట్టే విండోస్ కూడా ఒకటి రాసుకుంటుంది. స్టార్ట్ నొక్కి ఇంగ్లీషులో రిలయబిలిటీ అని టైప్ చేస్తే వ్యూ రిలయబిలిటీ హిస్టరీ అని వస్తుంది. తెరిస్తే తేదీలవారీగా గ్రాఫ్, కింద ఎర్రటి ఇంటూ గుర్తులు. ఎర్ర గుర్తున్న రోజు మీద క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రామ్ కూలిందో, ఏ అప్‌డేట్ పడిందో కనిపిస్తుంది. ఎర్ర గుర్తులు ఏ రోజు నుంచి మొదలయ్యాయో చూసి, ఆ ముందు రోజు ఏం ఇన్‌స్టాల్ అయిందో వెతకండి. ప్రింటర్ సాఫ్ట్‌వేరో, రెండో యాంటీవైరసో, పిల్లాడు ఎక్కించిన గేమో బయటపడుతుంది.

ఇంకా లోతుగా చూడాలంటే ఈవెంట్ వ్యూయర్. అది తెరవగానే ఎర్ర గుర్తులు వందల్లో ఉంటాయి, భయపడకండి, ఆరోగ్యంగా ఉన్న సిస్టమ్‌లోనూ ఉంటాయి. విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ అన్నదాంట్లో, మీ కాగితం మీది టైముకి దగ్గరగా ఉన్నవి మాత్రం చూడండి. డిస్క్ పేరుతో 7 లేదా 153 ఉంటే డిస్క్ మీద, డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ అని ఉంటే హార్డ్‌వేర్ మీద అనుమానం. కెర్నల్ పవర్ 41 అని ఉంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే అర్థం. మీరే బటన్ నొక్కిపట్టి ఆపినా ఆ 41 పడుతుంది కాబట్టి దాన్ని పట్టుకుని ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే లోపలి డబ్బా) మార్చేయకండి.

ఇక కాగితం ముందు పెట్టుకుని మీకు సరిపోయే దారిలో వెళ్లండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ర్యామూ డ్రైవరూ ఒకేరోజు మారిస్తే ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు.

గంట నడిచాక హ్యాంగయితే: వేడి

మన దగ్గర ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. గదిలోనే 38 డిగ్రీలుంటే సిస్టమ్ లోపలికి వెళ్లే గాలి కూడా అంతే వేడిగా వెళుతుంది. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో, కోర్ టెంప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి వేస్తే ప్రాసెసర్ వేడి కనిపిస్తుంది. పని లేనప్పుడు 40 నుంచి 55 డిగ్రీలు, పని జోరుగా ఉన్నప్పుడు 70, 80 దాకా పోవడం మామూలే. 90 దాటి నూరు వైపు పరిగెడుతుంటే మాత్రం ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే టప్పుమని ఆగిపోతుంది.

బాబాయి వాళ్ల సీపీయూ, అదే మనమంతా సీపీయూ అని పిలిచే ఆ డబ్బా, కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అరలో ఉంది. దుమ్ము పడకుండా పిన్ని తలుపు వేసి ఉంచేది. ముందా తలుపు తీయించాను. తర్వాత ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు ఖాళీ చేసి, పక్క రేకు స్క్రూలు విప్పాను. ప్రాసెసర్ మీది ఫ్యాన్ బాగానే ఉంది. ఫ్యాన్ కింద అల్యూమినియం రెక్కల మధ్య మాత్రం దుమ్ము పేరుకుని, బూడిద రంగు దుప్పటి ముక్కలా ఒక్క పొరగా లేచి వచ్చింది. ఆ పొర దాటి గాలి పోవడం లేదు. ఫ్యాన్ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, చల్లబడేది మాత్రం లేదు.

ఇంకా చూస్తే, ఆ కూలర్‌ని, అంటే ఫ్యానూ రెక్కలూ కలిసిన భాగాన్ని, మదర్‌బోర్డ్ అనే పెద్ద బోర్డుకి పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడి పైకి లేచి ఉంది. కూలర్ ఓ మూల వాలిపోయింది. బహుశా ఆటో కుదుపులకే. ఫార్మాట్ కొట్టిన ప్రతిసారీ పది రోజులు ఎందుకు బాగుండేదో నాకప్పుడు వెలిగింది. షాపులో బ్లోయర్ కొట్టి పంపారు, ఆ పుణ్యం విండోస్ ఖాతాలో పడింది.

మీరు శుభ్రం చేసేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితోనో పెన్సిల్‌తోనో ఆపి పట్టుకుని గాలి కొట్టండి. వదిలేస్తే గాలికి అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్ లోపల పెట్టొద్దు, స్టాటిక్ కరెంటు పుడుతుంది. పెయింట్ బ్రష్, బ్లోయర్ చాలు. పని చేసేముందు డబ్బా ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకోండి.

కూలర్ విప్పితే, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ కొత్తది వేయాల్సిందే. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పూర్తిగా తుడిచి, మధ్యలో కందిగింజంత చుక్క పెట్టండి. ఎక్కువ వేస్తే ఎక్కువ చల్లదనం అనుకోవద్దు, పక్కలకి కారుతుందంతే. ఇంటెల్ కూలర్ పిన్నుల తల మీద బాణం గుర్తుంటుంది, బాణం వైపు తిప్పితే వదులవుతాయి. బిగించేటప్పుడు మూలకి ఎదురు మూల చొప్పున నొక్కుతూ నాలుగూ టక్కుమనేలా కూర్చోబెట్టి, మెల్లగా లాగి చూడండి.

లాప్‌టాప్ అయితే పరుపు మీద, దిండు మీద పెట్టి వాడటం మానేయండి, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. విప్పడం అలవాటు లేకపోతే సర్వీస్ చేయించండి. లాప్‌టాప్ లోపలి కేబుళ్లు, వాటి కొక్కేలు ఒక్క పొరపాటుకే విరుగుతాయి.

ఫైల్ తెరవగానే, ఆన్ చేయగానే హ్యాంగయితే: డిస్క్

బాబాయి సిస్టమ్ మే అంతా బాగుంది, జూన్ బాగుంది. జులైలో పిన్ని ఫోన్. "మళ్లీ మొదలైందిరా. ఈసారి పొద్దున్నే. ఫొటోల ఫోల్డర్ తెరిస్తే అక్కడే కూర్చుంటోంది." పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు! క్యాప్స్ లాక్ లైటు చూడమన్నాను. వెలుగుతోందట. డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉందట. ఇది పాత రోగం కాదు, రెండోది.

హార్డ్ డిస్క్ అంటే నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరిగే పళ్లెం. దాని మీద ఒక చిన్న భాగం చెడితే, డిస్క్ ఆ ముక్కని చదవడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. దొరికేదాకా విండోస్ గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూస్తుంది. మీకు అది హ్యాంగ్ లాగా కనిపిస్తుంది. కాసేపటికి దానంతట అదే కదలడం ఈ రోగానికి పెద్ద గుర్తు.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. పైన గుడ్, కాషన్, బ్యాడ్ అని ఏదో ఒకటి చూపిస్తుంది. కింద పట్టికలో 05, సీ5, సీ6 అన్న వరసలు వెతకండి. 05 అంటే చెడిపోయి పక్కకి మార్చిన సెక్టార్లు, సీ5 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి, సీ6 అంటే ఇక చదవలేనని వదిలేసినవి. చివరి గడిలో అన్నీ సున్నాలుంటే మంచిది. సున్నా కాకుండా ఉండి, వారానికోసారి చూస్తే పెరుగుతోంటే ఆ డిస్క్‌కి నమస్కారం పెట్టేయండి. పక్కనే సీ7 ఒక్కటే పెరుగుతోంటే డిస్క్ పోలేదు, డిస్క్‌ని మదర్‌బోర్డ్‌కి కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి. చవకలో అయిపోయే రిపేరు అది.

డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ పనిముట్టు చెక్ డిస్క్ కొట్టమని ఎవరైనా చెబుతారు. ఫైళ్లు కాపీ కాకముందు కొట్టొద్దు. అది డిస్క్ అంతా గంటల తరబడి గాలిస్తుంది, చావు బతుకుల్లో ఉన్నదానికి అది పరుగుపందెం.

సెక్టార్లన్నీ బాగున్నా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అస్తమానం నూరు శాతంలో ఉంటే, మీది పాత హార్డ్ డిస్క్ అయితే, తిరిగే పళ్లెం లేకుండా చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించండి. ర్యామ్ పెంచడం కన్నా, కొత్త సిస్టమ్ కొనడం కన్నా ముందు చేయాల్సింది ఇదే అని నా అభిప్రాయం. బాబాయికి అదే చేశాం. పాత డిస్క్‌లో సీ5 దగ్గర అంకె రోజూ పెరుగుతోంది. ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి, ఒక తిరుపతి ఫోల్డర్‌లో నాలుగు తప్ప.

సీ డ్రైవ్ నిండిపోయినా ఇలాగే ఉంటుంది. దిస్ పీసీలో సీ డ్రైవ్ కింద ఎర్ర గీత కనిపిస్తుంటే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయండి. అందులో ఒకే ఆధార్ పీడీఎఫ్ పదిసార్లు ఉంటుంది, నాకు తెలుసు.

ఒక్కోసారి ఒక్కో రకంగా కూలిపోతుంటే: ర్యామ్

ఇవాళ బ్రౌజర్, రేపు వర్డ్, ఎల్లుండి నీలి తెర (విండోస్ కూలినప్పుడు వచ్చే ఎర్రర్ పేజీ), ప్రతిసారీ వేరే ఎర్రర్. ఇలాంటప్పుడు ర్యామ్ చూడాలి. స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని టైప్ చేసి రీస్టార్ట్ ఇవ్వండి, అదే పరీక్షిస్తుంది. అందులో దొరక్కపోయినా అనుమానం ఉంటే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఎర్రరే, "ఒకటేగా" అని సర్దుకోవద్దు. రెండు ర్యామ్ ముక్కలుంటే ఒక్కొక్కటి తీసి నడిపి చూడండి.

ర్యామ్ తీసి ఎరేజర్‌తో రుద్దే చిట్కా మీరు చూసే ఉంటారు. బంగారు రంగు పళ్ల మీద పట్టిన మకిలి పోతుంది, నిజంగానే చాలాసార్లు పనిచేస్తుంది. మెత్తగా రుద్ది, ఎరేజర్ పొడి పూర్తిగా దులిపి, రెండు వైపులా కొక్కెం టక్కుమనేదాకా నొక్కండి.

హ్యాంగ్ కాకుండా ఆగి ఆన్ అవుతుంటే: కరెంటు

బోరు మోటారు వేసినప్పుడో, ఫ్రిజ్ ఆన్ అయినప్పుడో రీస్టార్ట్ అవుతోందా? కాగితం మీది టైములు ఇంట్లో వాళ్లకి చూపించి అడగండి. యూపీఎస్ ఉంటే, ముందు పని అంతా సేవ్ చేసి దాని ప్లగ్గు తీసి చూడండి. సిస్టమ్ వెంటనే ఆరిపోతే యూపీఎస్ బ్యాటరీ చచ్చి చాలాకాలమైనట్టు. క్యాబినెట్‌తో పాటు వచ్చిన చవక ఎస్ఎంపీఎస్‌ల మీద నాకు నమ్మకం తక్కువ. తెలిసినవాళ్ల దగ్గర ఒకటి అరువు తెచ్చి వారం నడిపి చూస్తే తేలిపోతుంది. ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఇంట్లో విప్పొద్దు, ప్లగ్గు తీశాక కూడా లోపల షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

డబ్బా ముట్టుకుంటే చేతికి జిల్లుమంటుంటే ఎర్తింగ్ సరిగా లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, వాయిదా వేయొద్దు.

వింతగా ప్రవర్తిస్తుంటే

ఇక్కడ సగం వింతలకి కారణం చాలా చిన్నది. తేదీ ఎప్పుడో పాతకాలానికి వెళ్లిపోయి, వెబ్‌సైట్లు ఏవీ తెరుచుకోక, కనెక్షన్ ప్రైవేట్ కాదని హెచ్చరిక వస్తుంటే మదర్‌బోర్డ్ మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోయింది. సీఆర్ 2032 అని అడిగితే వాచీల షాపులోనూ దొరుకుతుంది.

కీబోర్డ్ ఉన్నట్టుండి అక్షరాలు తీసుకోవడం మానేసిందా? కుడివైపు షిఫ్ట్ ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ ఆన్ అవుతుంది, అప్పుడు పొట్టిగా నొక్కిన కీలని అది లెక్క చేయదు. కీబోర్డ్ మీద పుస్తకం పెట్టినా జరుగుతుంది. వైర్‌లెస్ మౌస్ కుంటుతోంటే దాని డాంగిల్ నీలం రంగు యూఎస్‌బీ పోర్ట్ పక్కన ఉందేమో చూసి దూరంగా మార్చండి. యూఎస్‌బీ 3 పరికరాల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మౌస్‌లకి అడ్డుపడుతుంది.

లాప్‌టాప్‌లో కర్సర్ దానంతట అదే గెంతుతూ, టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టుంటే మాత్రం అక్కడే ఆపండి. అది సాఫ్ట్‌వేర్ కాదు, కింద బ్యాటరీ ఉబ్బింది. ఛార్జర్ తీసేయండి, నొక్కొద్దు, గుచ్చొద్దు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి బ్యాటరీ తీయించండి.

కుడివైపు కింద మూల "మీ కంప్యూటర్‌కి 5 వైరస్‌లు" అని అదేపనిగా వస్తుంటే చాలాసార్లు అది వైరస్ కాదు. ఏదో సైట్‌లో అలో అని నొక్కి ఉంటారు. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దాకా వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేయండి. స్క్రీన్ నిండా హెచ్చరిక వచ్చి ఫోన్ నంబర్ ఇస్తే ఆ నంబర్‌కి చేయకండి. విండోస్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఇవ్వదు. ఎవరో చెప్పారని, దూరం నుంచి మీ సిస్టమ్ నడిపించే ఎనీడెస్క్ లాంటివి వేసి కోడ్ చెప్పేసి ఉంటే, ముందు ఇంటర్నెట్ తీసేసి, బ్యాంకుకి ఫోన్ చేసి, డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ఏ పనీ చేయకుండా ఫ్యాన్ హోరెత్తుతూ, టాస్క్ మేనేజర్ తెరవగానే సీపీయూ నూరు నుంచి చటుక్కున పడిపోతోందా? మిమ్మల్ని చూసి దాక్కుంటున్న మైనర్ అయి ఉండొచ్చు, అంటే మీ కరెంటుతో వేరేవాళ్లకి క్రిప్టో నాణేలు తవ్విపెట్టే సాఫ్ట్‌వేర్. క్రాక్ చేసిన ఆఫీస్, యాక్టివేటర్, ఉచిత గేమ్ వెంట ఇవి వస్తాయి. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్ కింద డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది. రీస్టార్ట్ అయి, విండోస్ మొదలుకాకముందే పావుగంటలో వెతుకుతుంది.

అప్పటికీ తేలకపోతే సాఫ్ట్‌వేర్

యాంటీవైరస్‌లు రెండుంటే ఒకటి తీసేయండి. ఒకే ఇంటికి ఇద్దరు కాపలావాళ్లు ఒకరినొకరు పట్టుకుంటూ ఉంటారు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ పేజీలో అక్కర్లేనివన్నీ డిజేబుల్ చేయండి. డ్రైవర్ అప్‌డేటర్, రిజిస్ట్రీ క్లీనర్ అని పేరున్నవి అసలు ఉంచొద్దు. డ్రైవర్ కావాలంటే లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోండి.

తర్వాత సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడవడం. షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ క్లిక్ చేస్తే నీలి మెనూ వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4 నొక్కండి. అక్కడ రెండు గంటలు హ్యాంగ్ కాకుండా నడిస్తే తప్పు ఎక్కువగా డ్రైవర్‌దో, బయటి ప్రోగ్రామ్‌దో. అక్కడా హ్యాంగయితే మళ్లీ వేడి, డిస్క్, ర్యామ్ దగ్గరికి వెళ్లండి. విండోస్ ఫైళ్ల మీదే అనుమానం ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్, ఎఫ్, సి అక్షరాలు, ఓ ఖాళీ, స్లాష్, దాన్ని ఆనుకుని స్కాన్‌నౌ అని కలిపి ఇంగ్లీషులో కొట్టండి. పాడైన ఫైళ్లుంటే సరిచేస్తుంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. హ్యాంగ్‌లకి అది కారణం కాదు గానీ, ఎలాగూ ఫార్మాట్ కొట్టించాల్సి వస్తే మీ సిస్టమ్ 11కి పనికొస్తుందో లేదో అప్పుడే అడగండి. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. 4 జీబీతో నడుస్తుందంటారు, నేనైతే 8కి తక్కువ ఒప్పుకోను.

షాపుకి వెళ్లాల్సి వస్తే

మీ కాగితం వెంట తీసుకెళ్లండి. "హ్యాంగవుతోంది" అని ఊరుకోకుండా "ఆన్ చేసిన గంటకి, క్యాప్స్ లాక్ లైటు కూడా పనిచేయకుండా, పది రోజుల్లో ఏడుసార్లు" అనండి. నాకు చెప్పకుండా ఫార్మాట్ కొట్టొద్దని ముందే చెప్పి, బిల్లు మీద రాయించండి. ఇచ్చే ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద అబౌట్ పేజీ తెరిచి ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత అన్నవి, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో డిస్క్ సీరియల్ నంబర్ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు అక్కడే ఆన్ చేయించి అవే ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో కాళ్ల దగ్గర కాకుండా, పక్క సీట్లో దిండు వేసి, డబ్బాని మదర్‌బోర్డ్ ఉన్న వైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టండి. అప్పుడు కూలర్ బరువు పిన్నుల మీద వేలాడదు.